వెల్లుల్లి రొట్టె, సున్నపు కుండ

చచ్చిపోయిన ఈస్టుని సంతకం పెట్టి మరీ తీసుకుని, దాంతో రొట్టె పొంగించమని ఆడపిల్లలకి పాఠం చెప్పిన మనిషిని నేను. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఒక చలికాలమంతా చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట ఆఫీసు మీద, సగం నా మీద. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న అమ్మాయిలూ, మీరు ఇది చదివి ఆఫీసుని తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నన్ను కూడా తిట్టుకోవాల్సిన చోటు వస్తుంది, అక్కడ మొహమాటపడకండి.

అమలాపురంలో ఆడవాళ్ళకి కుట్లు, అల్లికలు, వంటలు నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఒకటి ఉండేది. అందులో నేను వంటల ఇన్‌స్ట్రక్టర్ని. చేరిన కొత్తలో ఊరగాయలూ, జామ్‌లూ నేర్పేదాన్ని. తొంభైల్లో మా కోనసీమ నుంచి గల్ఫుకి వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కువయ్యాక, బేకరీ కోర్సు పెట్టాలని పైవాళ్ళెవరికో బుద్ధి పుట్టింది. ఆ బుద్ధిని నేను తప్పుపట్టను. వంట నేర్చినట్టు సర్టిఫికెట్ ఉన్న మనిషి అక్కడ హాస్పిటల్ వంటశాలలోనో, హోటల్లోనో చేరగలదు. డ్యూటీకి ఒక వేళ ఉంటుంది, పక్కన మాట్లాడుకోవడానికి నలుగురుంటారు. అది లేని మనిషి ఖద్దామా వీసా మీద, అంటే ఎవరో ఒకరింట్లో పనిమనిషిగా వెళ్ళాలి. ఆ ఇంటి తలుపు వేసుకున్నాక లోపల ఏం జరిగినా అడిగే దిక్కుండదు. మూణ్ణెల్ల కోర్సు చివర ఇచ్చే ఆ చిన్న కాగితానికి అంత విలువ. ఇది మా ఆఫీసులో నాతో సహా అందరికీ తెలుసు.

కోర్సుతో పాటు పెద్ద కరెంటు పొయ్యి వచ్చింది. స్విచ్చి వేస్తే బిల్డింగంతా ఫ్యూజు పోయేది. వైరింగు మార్చమని రాశాం. జవాబు రాలేదు. చివరికి దాన్ని సూపరింటెండెంటు గారి గదిలో పెట్టి, మా కుట్ల పిల్లలు అల్లిన లేసుగుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టారు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఆయన ఆ పూలకుండీ తీసి, గుడ్డ తీసి, పొయ్యి చూపించి, మళ్ళీ కప్పేవారు. మేము మాత్రం మనవాళ్ళు దిబ్బరొట్టె కాల్చినట్టే కాల్చుకునేవాళ్ళం. అడుగు మందంగా ఉన్న గిన్నె, కింద సన్నటి సెగ, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. కేకులు చక్కగా వచ్చేవి. పొయ్యి లేదని నేను ఏడవలేదు.

ఏడిపించింది ఈస్టు. సిలబస్ చివర గార్లిక్ బ్రెడ్ రోల్స్ అని ఉండేది. మా పిల్లలు వెల్లుల్లి రొట్టె అనేవారు. మొదటిసారి కలిపిన ముద్ద పొద్దున్న ఎలా పెట్టామో సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. నీళ్ళు వేడెక్కువయ్యాయేమో అనుకున్నాను. మర్నాడు చల్లారాయేమో అనుకున్నాను. దుప్పటి కప్పాం, ఎండలో పెట్టాం. ఒక పిల్ల "దిష్టి తీద్దామాండీ?" అంది. కాల్చి తీస్తే ఆ రొట్టెలతో ఇంటికి పునాది వేసుకోవచ్చు. అప్పుడు తట్టింది నాకు డబ్బా తిరగేసి చూడాలని. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది.

స్టోర్సు గుమాస్తా గారి దగ్గరికి వెళ్ళాను. చాలా మర్యాదస్తుడు.

"కొత్త డబ్బా వచ్చిందండి మేడంగారూ" అని బీరువా తాళం తీసి చూపించారు కూడా. సీలు తియ్యని డబ్బా తళతళలాడుతూ ఉంది.

"అది ఇవ్వండి మరి" అన్నాను.

"ఎలా ఇస్తానండీ? పాత స్టాకు అవ్వాలి కదండీ ముందు. పాతది అయ్యేక కొత్తది తీస్తామండి. రూలండి అది."

"పాతది చచ్చిపోయిందండీ బాబూ!"

"చచ్చిపోడవేంటండీ, ఇంకా సగం డబ్బా ఉంటేనూ?" అని బీరువాకి తాళం వేశారు.

సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రిజిస్టరు తెప్పించి, వేలితో లైను చూపించారు. "ఈస్టు సప్లై చేశాం. ఇదిగో మీ సంతకం. పొంగించడం మీ పని మేడం" అన్నారు.

ఇప్పుడు మీకు వింతగా ఉంటుంది. ఆ పాత డబ్బా కాలువలో పారబోసి, అయిపోయిందని రాస్తే గొడవ వదిలేది. ఆ పని చేసే తెలివి నాకు లేకపోయింది. తెలివి లేదనడం కూడా అబద్ధమే, ధైర్యం లేదు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా నేను టెంపరరీ ఉద్యోగిని. పర్మనెంటు చేసే ఫైలు సూపరింటెండెంటు గారి బల్ల మీద ఉంది. ఆ ఫైలు ఆ బల్ల మీద ఉన్నన్నాళ్ళూ నాకు రూల్సంటే మహా గౌరవం.

ఆ బ్యాచిలో మలికిపురం వైపు నుంచి ఒకామె వచ్చేది. ముప్పై లోపు వయసు. ఇద్దరాడపిల్లలు. భర్త తాటిచెట్లు ఎక్కి కల్లు గీస్తాడు. రోజూ పంటు మీద నది దాటి, బస్సు పట్టుకుని వచ్చేది. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. గల్ఫులో హాస్పిటల్లో ఆయాగా చేస్తున్న వాళ్ళ ఊరావిడ, అక్కడి వంటశాలలో మనిషి కావాలనీ, సర్టిఫికెట్ ఉంటే ఇప్పిస్తాననీ కబురు చేసింది. ఏజెంటు మాత్రం ఆలస్యం చేస్తే ఖద్దామా వీసాయే గతి అని తొందరపెడుతున్నాడు. పాస్‌పోర్టు అప్పటికే అతని దగ్గరుంది. అందుకే ఆమెకి మిగతావాళ్ళకిలా సరదా కోర్సు కాదిది.

నాలుగోసారి ముద్ద పొంగకుండా చచ్చినట్టు పడుకున్న రోజున ఆమె నా పక్కకి వచ్చి గొంతు తగ్గించింది.

"మేడంగారూ, నేనో మాటంటాను. మీరు కోప్పడకూడదండీ."

"చెప్పమ్మా."

"మా అమ్మమ్మ చలికాలంలో దిబ్బరొట్టె పిండిలో గుక్కెడు కల్లు పోసేదండీ. చలికి పిండి పులవదు కదండీ. పోసిందంటే తెల్లారేసరికి గిన్నె దాటేసేదండి. ఇప్పుడు మా ఆయన పోతుతాడి చెట్లు గీస్తన్నాడండి. కుండ దించితే నురగే నురగండి."

మాది కొబ్బరితోటలున్న ఇల్లు. మా ఇంట్లో కల్లు అనే మాట గుమ్మం దాటి లోపలికి రాదు. మా మావగారు సాయంత్రం పూట సీసాలోది పుచ్చుకునేవారు, దానికి మేము మందు అని పేరు పెట్టుకున్నాం. సీసాలో ఉంటే హోదా, కుండలో ఉంటే పాపం. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు కదా, ఇక నేను ప్రభుత్వ ఆఫీసులో కల్లే పోయిస్తే ఊరుకుంటారా? కానీ అవతల ఇరవైమంది పిల్లల పరీక్ష ఉంది.

"తీసుకురా అమ్మా. ఎవరికీ చెప్పకు" అన్నాను.

ఈ మాట నేను అన్నాను. దయచేసి గుర్తుంచుకోండి.

మర్నాడు ఆమె స్టీలు క్యానులో తెచ్చింది. గుడ్డలో వడకట్టి మైదాలో పోసి కలిపాం. రెండు గంటలు తిరిగేసరికి ముద్ద గిన్నె అంచు దాటి బయటికి చూస్తోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతకు ముందు నెలలో మొలకలొచ్చిన వెల్లుల్లి రెబ్బలు పారెయ్యడం ఇష్టంలేక పగిలిన కుండల్లో ఇసుకమట్టి పోసి గుచ్చాం. అవి అప్పటికి జానెడు కాడలు వేశాయి. ఆ లేత కాడలూ, గోదావరి లంకల నుంచి గంపలకొద్దీ దిగే చలికాలపు కొత్తిమీరా సన్నగా తరిగి, ఒక పిల్ల ఇంటి నుంచి తెచ్చిన గేదెవెన్నలో కలిపాం. ముద్దని చపాతీలా పరిచి, ఆ వెన్న పూసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, గిన్నెలో పేర్చి, మూత మీద నిప్పులు పోశాం. పావుగంటకి వాసన వీధిలోకి వెళ్ళింది. ఎండు వెల్లుల్లి ఘాటు వేరు, ఆ పచ్చికాడల వాసన వేరు. నా సర్వీసులో అంత మంచి రొట్టె నేను మళ్ళీ తినలేదు.

వాసనకి సూపరింటెండెంటు గారు కూడా వచ్చారు. నిలబడే నాలుగు తిన్నారు. ఐదోది చేతిలో పట్టుకుని, "చూశారా! మన ఈస్టుకేమైంది? ఊరికే కంప్లైంట్లు" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండ్రోజుల తర్వాత సంగతి గుమాస్తా గారి ద్వారా ఆయనకి చేరింది. నన్ను గదిలోకి పిలిచి, గుడ్డ కప్పిన పొయ్యి వైపు చూస్తూ అన్నారు: "మీరేం కలుపుతున్నారో నేను అడగను, మీరు చెప్పొద్దు. శనివారం మా ఇంట్లో చుట్టాలున్నారు. రెండు డజన్లు పంపించండి."

పంపించాం. ఒక్క శనివారం కాదు, వరసగా మూడు శనివారాలు.

జనవరి ఆఖర్లో పరీక్ష పెట్టారు. బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినరుగా వచ్చారు. సరుకులు సర్దుకోవడానికి వీలుగా ముందురోజు మధ్యాహ్నమే పళ్ళెంలో చీటీలు వేసి తియ్యమన్నారు. ఎవరికి వచ్చిన వంటకం వాళ్ళు చెయ్యాలి. ఈస్టు అవసరమైన వంటకం ఒక్కటే ఉంది. ఆ చీటీ ఆమెకే వచ్చింది. భయపడుతుందేమో అని చూశాను. నవ్వింది. "నా రొట్టి నాకే వచ్చిందండీ" అంది.

పరీక్షరోజు పిల్లలంతా ఏడింటికే లోపల ఉండాలి. తొలి పంటు పట్టుకున్నా ఆమె ఆ వేళకి చేరడం కుదరదు. అందుకని ఆ రాత్రికి అమలాపురంలోనే తన పిన్నిగారింట్లో ఉండిపోయింది. బస్సులో ఇంటికి వెళ్తున్న వాళ్ళ ఊరి మనిషి చేత భర్తకి కబురు పంపింది: పొద్దున్నే కల్లు తెచ్చి మేడంగారి చేతికి ఇవ్వాలి, పరీక్షకి ఆఫీసర్లొస్తున్నారు.

ఏడున్నరకి అతను వెనక గేటు దగ్గరికి సైకిలు మీద వచ్చాడు. కుండ మూతికి ఆకు కట్టి, కొత్త తువ్వాలు చుట్టి తెచ్చాడు. రెండు చేతులతో అందించాడు.

"జాగ్రత్తండి మేడంగారూ. కొత్త కుండండి. ప్రత్యేకంగా నా చేత్తో కట్టేనండి."

నేను పైటకొంగు అడ్డం పెట్టుకుని దాన్ని అందుకున్నాను. గబగబా సామాన్ల గదిలోకి తీసుకుపోయి గంప బోర్లించాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూడాల్సిందే అని ఇరవైమందిని సతాయించే దాన్ని, ఏ సరుకు వచ్చినా మూత తీసి వాసన చూడందే తీసుకోవద్దని మొదటిరోజే పాఠం చెప్పేదాన్ని, ఆ కుండ మీద ఆకు కూడా కదపలేదు. నా ముక్కు అక్కడికి వంగలేదు. కులం ముక్కు అది, సిలబస్‌కి లొంగదు.

తొమ్మిదింటికి ఆమె ఏదో సామాను కోసమన్నట్టు గదిలోకి వచ్చి గంప తీసింది. ఆకు విప్పింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"మేడంగారూ, ఇది సున్నం కుండండీ."

మీకు తెలియకపోతే చెబుతాను. కుండ లోపల సున్నం పూసి చెట్టుకి కడితే కల్లు పులవదు. తియ్యగా, నీళ్ళలా ఉంటుంది. పిల్లలకీ, ఒంట్లో బాగాలేనివాళ్ళకీ అలా పడతారు. దాంట్లో నురగుండదు. నురగ లేనిది రొట్టెని లేపదు.

"ఎప్పుడొచ్చిందండీ ఇది?" అని అడిగింది.

"ఏడున్నరకి."

"మీరు చూళ్ళేదాండీ?"

చూసి ఉంటే అతను గేటు దగ్గరే ఉన్నాడు. ఊళ్ళో ఎక్కడైనా పులిసిన కల్లు దొరికే వేళ అది. సైకిలు మీద పావుగంట పని. తొమ్మిదింటికి మాత్రం ఎగ్జామినరు హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, గేటు మూసేశారు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

ఆమె ఆ తియ్యటి కల్లే చెంబులో పోసుకుని, చచ్చిన ఈస్టు ఇంకో రెండు చెంచాలు ఎక్కువ కలిపి, ముద్దని పిసికింది. నిప్పుల దగ్గర పెట్టింది. గంటకోసారి గుడ్డ ఎత్తి చూసేది. నేను దూరం నుంచి ఆమె వీపు చూస్తూ తిరిగాను. పన్నెండింటికి ఇక ఆగలేక చుట్టి, కోసి, కాల్చింది. వెన్నా, కాడలూ, కొత్తిమీరా ఎప్పటిలాగే ఘుమఘుమలాడాయి. రొట్టె మాత్రం బిళ్ళలా దిగింది.

ఎగ్జామినరు కేకులు తిన్నారు, బిస్కట్లు తిన్నారు, అందరికీ పాస్ మార్కులు వేశారు. చివరికి ఈమె పళ్ళెం దగ్గరికి వచ్చి బొటనవేలితో నొక్కారు.

"రుచి బాగుంది. కానీ ఇది బ్రెడ్డు కాదమ్మా. ఈస్టు ఏది వాడావు?"

ఆ మాటకి ఫెయిలైనా అక్కడితో ఆగి ఉంటే, మళ్ళీ పరీక్ష రాయించే దారి ఉండేది. ఆగలేదు. ఈస్టు మాట రాగానే సూపరింటెండెంటు గారికి రిజిస్టరు గుర్తొచ్చింది. మా ఈస్టు మీద మాట రాకూడదు. గుమాస్తా గారికి కనుసైగ చేశారు. ఆయన నేరుగా సామాన్ల గదిలోకి వెళ్ళి, గంప ఎత్తి, కుండ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు.

"కల్లా!" అన్నారు సూపరింటెండెంటు గారు. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "ప్రభుత్వ సంస్థలో కల్లా!"

మూడు శనివారాలు డజన్లు డజన్లు ఇంటికి మోయించుకున్న ముక్కు అది. అప్పుడు ఆ రుమాలు లాగి కాల్చాలన్నంత కోపం వచ్చింది నాకు. కోపం లోపలే ఉంది.

ఎగ్జామినరు నా వైపు తిరిగారు. "మీకు తెలిసే జరిగిందా మేడం?"

హాల్లో ఇరవైమంది పిల్లలున్నారు. అందరికీ నిజం తెలుసు. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు మాత్రం బల్ల మీది ఫైలు కనపడింది. తొమ్మిదేళ్ళు. నేను నోరు తెరిచేలోపు ఆమె అంది:

"మేడంగారికి తెలీదండీ. నేనే తెచ్చేనండీ."

"నిజమేనా మేడం?" అని ఆయన మళ్ళీ నన్నడిగారు. చూడండి, పెద్దమనిషి రెండో అవకాశం ఇచ్చాడు.

నేను తలూపాను.

ఆమె పేరు ఎదురుగా 'అభ్యంతరకరమైన పదార్థం వాడినందున అనుత్తీర్ణురాలు' అని రాసి, ఎగ్జామినరు సంతకం పెట్టి, కాగితం నా వైపు జరిపారు. ఇన్‌స్ట్రక్టరు సంతకం కూడా కావాలట. పెట్టాను. నా సంతకం ఆ రోజు కూడా గుండ్రంగా, అందంగానే వచ్చింది.

అతను పొద్దున్నించీ వెనక గేటు దగ్గరే ఉన్నాడు, భార్య పాసైందని విని తీసుకెళ్దామని. నేను వెళ్ళి, "సున్నం ఎందుకు పూశావయ్యా?" అని అడిగాను. అడగడానికి నాకు సిగ్గుండాలి.

అతను తెల్లబోయాడు. "గవర్నమెంటోళ్ళకండీ, ఆఫీసర్లకండీ, తాగడానికి పులిసింది పంపుతానాండీ? మర్యాద కాదు కదండీ. అందుకే సాయంత్రం కొత్త కుండ కొని, సున్నం రాసి కట్టేనండి. ఏమైందండీ?"

మర్యాద. ఆ మర్యాదకి తగిన వాళ్ళం ఆ బిల్డింగులో ఒక్కళ్ళమైనా ఉన్నామా అని ఇప్పటికీ వెతుక్కుంటాను. వెనక నుంచి ఆమె వచ్చి, అతని చేతిలో టిఫిన్ క్యారేజీ పెట్టి, "పద" అంది. నా వైపు చూడలేదు.

మూడ్రోజులు అన్నం సయించలేదు. నాలుగోరోజు పైఆఫీసుకి ఉత్తరం రాశాను: కల్లు వాడమన్నది నేనే, సప్లై చేసిన ఈస్టు పనికిరానిది, ఆమెకి మళ్ళీ పరీక్ష పెట్టాలి. రాసి, పైన పెద్దక్షరాలతో 'కాన్ఫిడెన్షియల్' అని పెట్టాను. అందులోనూ నా పిరికితనం చూడండి. నిజం చెప్పాలి, కానీ ఎవరికీ తెలియకూడదు!

దొంగలు పడ్డ ఆరునెల్లకి కుక్కలు మొరిగినట్టు, దసరా ముందు జవాబు వచ్చింది. 'అభ్యర్థిని రాబోయే పరీక్షకు తిరిగి హాజరు కావచ్చును.' నాకు ఒక మెమో కూడా వచ్చింది, ఇకపై జాగ్రత్తగా ఉండమని. వేసవిలోనే నా ఉద్యోగం పర్మనెంటయిపోయింది. ఆమె మార్చిలోనే ఖద్దామా వీసా మీద వెళ్ళిపోయింది. మరుసటేడు పాత ఈస్టు అయిపోయింది, కొత్త డబ్బా సీలు తీశారు. అదీ అప్పటికి చచ్చిపోయింది. గుమాస్తా గారు "మన రాశే బాలేదండీ మేడంగారూ" అన్నారు.

నాలుగేళ్ళ తర్వాత ఆమె తిరిగొచ్చిందని తెలిసి, ఆ జవాబు కాగితం పట్టుకుని మలికిపురం వైపు వాళ్ళ ఊరు వెళ్ళాను. కుర్చీ వేసింది. కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చింది. మర్యాదలో లోటు చెయ్యలేదు. చిక్కిపోయింది. కుడి మోచేతి మీద కాలిన మచ్చ ఉంది. ఎలా అయిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"అక్కడ వంట చేశావా అమ్మా?" అన్నాను.

"వంట వాళ్ళే చేసుకునీవోరండీ. నేను అంట్లండి, బాత్‌రూములండి, ముసలావిడండి. రొట్టి బయట్నించొచ్చేదండి. నాలుగేళ్ళు పిండిలో చెయ్యెట్టలేదండి. నెలకోసారి ఫోను చేసుకోనిచ్చీవోరు. తలుపు తాళం వాళ్ళ దగ్గరే ఉండేదండి."

నేను కాగితం తీసి చూపించాను. నేనే నిజం రాశాననీ, మళ్ళీ పరీక్షకి కూర్చోవచ్చనీ చెప్పాను. చదవలేదు. మడిచి నా ఒళ్ళోనే పెట్టింది.

"ఇది ఎవరు చదివేరండీ?"

"పైఆఫీసు వాళ్ళు."

"మా ఊళ్ళో ఎవరైనా చదివేరాండీ?"

నేను ఒళ్ళో కాగితాన్ని ఇంకో మడత పెట్టాను.

"కల్లుకుండ పట్టుకెళ్ళి పరీక్ష తప్పిందని ఇక్కడ ఇప్పటికీ అంటారండీ నన్ను. బళ్ళో మా పెద్దపిల్లనీ అంటారండి. మా ఆయన్ని తాగుబోతోడంటారండీ, ఆయనేమో చుక్క ముట్టడు. సున్నం రాయకపోతే నా పెళ్ళాం పాసయ్యేదని అతనొకటే కుమిలిపోతాడండీ. ఆ తప్పు అతనిది కాదు కదండీ? మీరు మూత తియ్యలేదు. ఆయ్, అదొదిలెయ్యండి, అలవాటు లేని పని. మరి ఆ పరీక్షాయన అడిగినప్పుడో? నేను తెలీదన్నాను, నా పిల్లల్లాగే మీకూ పిల్లలున్నారని. మీరు కాదంటారనుకున్నానండీ. నిజంగా అనుకున్నానండి మేడంగారూ."

తిట్టు ఒక్కటి లేదు ఆ మాటల్లో. గొంతు పెంచలేదు.

"నన్నేం చెయ్యమంటావో చెప్పమ్మా" అన్నాను.

"చెప్పండీ. అందరికీ తెలిసేలాగ చెప్పండి. నా పేరెత్తొద్దండి. నేనెవరో మా ఊరికి తెలుసు. మీరు చేసిందే తెలీదు."

అలాగే అన్నాను. అని, ఇంకా ఐదేళ్ళు ఉద్యోగం చేశాను. ప్రతి కొత్త బ్యాచికీ మొదటిరోజు చెబుదామనుకునేదాన్ని. గదిలో సూపరింటెండెంటు ఉండేవాడు, లేకపోతే ఇంకెవరో ఉండేవారు, లేకపోతే నేనుండేదాన్ని. రిటైరైన రోజు దండ వేసి, 'మచ్చలేని సర్వీసు' అని మైకులో చెప్పారు. అప్పుడూ చప్పట్లు అయ్యేదాకా కూర్చుని, ఇంటికొచ్చాను.

ఇప్పుడు చెబుతున్నాను. కల్లు తెమ్మన్నది నేను. దాచింది నేను. మూత తియ్యనిది నేను. అడిగినప్పుడు తలూపింది నేను, ఆ కాగితం మీద సంతకం నాది. ఆమె అప్పటికి మంచి రొట్టె చెయ్యడం వచ్చిన మనిషి. ఆమె భర్త తప్పు ఆవగింజంత కూడా లేదు.

మలికిపురం వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పైకి చదవండి. చుట్టుపక్కల నాలుగిళ్ళకి వినపడాలి.